పశువైద్యవిద్యకుఁ బరదేశయాత్ర



గుంటూరు మండలమునుండి యొక సోదరి మాకుఁ జాబు వ్రాసినది. ఆమె పెద్దకుమార్తె యింటరుమీడియేటు ముగించినది. చిన్ననాఁటినుండియు దొడ్డిలోని దూడలను సాఁకిన పిల్ల. పశువైద్యురాలను కావలయునని పట్టు పట్టినది. “మాకున్న మూఁడెకరముల మాగాణి నమ్మి పిల్లను లండనునకుఁ బంపుదమని తండ్రి యనుచున్నారు. నాకు ధైర్యము చాలకున్నది. రెండవబిడ్డ కేమి మిగులును? మీరేమందురు?” అని యామె ప్రశ్న. ఇది యొక్క యింటి ప్రశ్న గాదు గావున నిచ్చటనే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

మొదట నాబాలికను మెచ్చుకొనవలయును. ఈ వృత్తి యాఁడుదానికిఁ దగదను మాట నేఁడు చెల్లదు. ఎలీన్ కస్ట్ అను నామె ఎడింబరోలో 1900 నాఁటికే పశువైద్యము చదివి ముగించినను, స్త్రీ యగుటచేత నామెను బట్టాపరీక్షకుఁ గూర్చుండనీయరైరి. 1919లోఁ జట్టము మాఱిన పిమ్మట, 1922లోఁ గాని యామెకుఁ బట్టా చేతికి రాలేదు. నేఁడు బ్రిటనులోను, అమెరికాలోను పశువైద్య విద్యార్థులలో స్త్రీలే యెక్కువ.

ఇఁక లాభములు. లండనులోని రాయల్ వెటర్నరీ కాలేజి 1791లో స్థాపింపఁబడినది. అచ్చటి చదువు సామాన్యముగా నైదేండ్లు. పరిశోధనమునకును, గుఱ్ఱముల వైద్యమునకును, కుక్క పిల్లుల వైద్యమునకును గావలసిన సాధనసంపత్తి పుష్కలముగాఁ గలదు. ఆ కాలేజికి అమెరికా పశువైద్యసంఘపు గుర్తింపుండుటచే, నచ్చట జదివినవారు మనవారు వ్రాయవలసిన యదనపుపరీక్షలు లేకయే యమెరికా లైసెన్సుపరీక్షకుఁ గూర్చుండవచ్చును. పరదేశముననే స్థిరపడఁదలఁచిన పిల్లకిది గొప్ప సౌకర్యమే.

నష్టములును దక్కువ కావు. మొదటిది ధనము. విదేశీయులు కట్టు రుసుము అచ్చటివారు కట్టుదానికిఁ గొన్నిరెట్లు. అమెరికాలో నైతే ముందు కొన్నేండ్లు కళాశాలలోఁ జదివి, పిదప నాలుగేండ్లు పశువైద్యము చదువవలయును. ఆ నాలుగేండ్లకే రెండులక్షల డాలర్లు మించుట యరుదు కాదు.

రెండవది, అచ్చట నేర్చినది యిచ్చట నక్కఱకు వచ్చునా యనునది. అమెరికాలో 1929 తరువాత గాలికుంటు పొడసూపలేదు. అచ్చటి విద్యార్థి దానిని బుస్తకములోఁ జదువవలసినదే. మన పల్లెలలోఁ బాడి గల యిల్లాండ్రెందఱో దానిని గన్నులారఁ జూచియే యున్నారు. మనకుఁ బాలిచ్చు గేదె యచ్చటి దొడ్లలో నరుదు.

మూఁడవది మఱచి మోసపోవువా రున్నారు. 1984 నాఁటి చట్టముచే నేర్పడిన భారత పశువైద్యమండలి గుర్తించిన పట్టా లేనిదే మనదేశమున వైద్యము చేయుటకు నమోదు లభింపదు. కావున తక్కువ ఖర్చని యేజంటు చూపిన కళాశాలకు రుసుము కట్టకముందే, ఆ పట్టా చెల్లునో చెల్లదో మండలికి వ్రాసి, జవాబు కాగితముమీఁదఁ దెప్పించుకొనుఁడు.

మనదేశమున నీ చదువు, ఒక యేఁటి యింటర్న్‌షిప్పుతోఁ గలిసి, ఐదున్నరయేండ్లు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును, హైదరాబాదులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమును గలవు. నీట్ పరీక్షలో మంచి స్థానము వచ్చినచో, అఖిలభారత కోటా క్రింద నుంచిన 15 శాతము సీట్లద్వారా యితర రాష్ట్రముల కళాశాలలకును బోవచ్చును. ఇచ్చట పట్టా పొందిన పిదప పైచదువులకు విదేశములకేఁగు త్రోవ తెఱచియే యున్నది. అమెరికాలో పరిశోధనకుఁ జేరినవారికిఁ బలుచోట్ల భృతియు లభించును. అచ్చట వైద్యము చేయఁగోరినచో నదనపుపరీక్షలు కష్టమైనవే కాని యసాధ్యములు కావు.

కావున, అమ్మా, మా యభిప్రాయ మిది: మాగాణి నమ్మవలదు. విద్యార్థివేతనము లభించిననో, అమ్ముకొనక పంపు స్తోమత గలిగిననో మాట వేఱు. ఈ యేఁడు సీటు రాకున్న మఱియొక యేఁడు చదివించుట మూఁడెకరములకంటెఁ జౌకయే. ఐనను పిల్లను గూర్చుండఁబెట్టి, చదివి యెచ్చట నుండఁదలఁచితివో, ఏ జంతువులకు వైద్యము చేయఁగోరితివో యడుగుఁడు. ఆ లెక్కయంతయు నామె యెదుటనే వేయుఁడు. ఆమె వినకుండ నిర్ణయింపకుఁడు.

మన యొంగోలు గిత్తలు సముద్రము దాఁటి బ్రెజిలు దేశమున నెల్లూరు పేరనే వర్ధిల్లుచున్నవి. మీ పిల్లయు దాఁటవచ్చును. కాని దూడకుఁ గాళ్లు నిలుచువఱకు నింటిదొడ్డియే మేలు.