మనవారెవరు?

పల్లెటూరికి కొత్తగా వెళ్లినవానిని అరుగుమీది పెద్దలు మొట్టమొదట అడిగే ప్రశ్న, "మీదే ఊరు నాయనా? ఎవరి తాలూకు?" అని. ఏదో ఒక చుట్టరికం కలవగానే వారి ముఖాలు విప్పారతాయి. మంచం వాలుతుంది, మంచినీళ్లు వస్తాయి. తాను ఫలానావారికి చెందినవాడననిపించుకోవడం మనిషికి అన్నవస్త్రాల వంటి అవసరం. అందులో దోషం లేదు. ఆ అవసరాన్ని ఆసరాగా చేసుకొని ఒక జాతి 'ఈ నేల మాది మాత్రమే' అన్ననాడే కీడు మొదలవుతుంది. మన పొరుగున ఉన్న శ్రీలంక చరిత్ర ఇందుకు నిదర్శనం.

సింహళ రాజ్యమైన కాండీని పాలించిన నరేంద్రసింహుడు 1739లో మరణించాడు. వారసుడు లేనందున రాణి సోదరుడైన శ్రీవిజయ రాజసింహుడు సింహాసనమెక్కాడు. అతడు దక్షిణ భారతం నుంచి వెళ్లినవాడు. తెలుగు సాహిత్యాన్ని పోషించిన మధుర నాయకరాజులతో బంధుత్వం చెప్పుకొన్న కుటుంబం వారిది. భాష వేరు, మతం వేరు. అయినా ఆ వంశం బౌద్ధాన్ని తన బాధ్యతగా స్వీకరించింది. తరువాతి రాజైన కీర్తిశ్రీ రాజసింహుడు సయాం దేశం నుంచి భిక్షువులను రప్పించి, అంతరించిపోయిన ఉపసంపదా దీక్షను 1753లో పునరుద్ధరించాడు. అతడిని పరాయివాడని ద్వేషించి 1760లో కుట్ర పన్నినవారూ ఉన్నారు. అయినా 1815లో ఆంగ్లేయులు రాజ్యాన్ని వశపరచుకొనేవరకు ఆ వంశమే కాండీని ఏలింది. పుట్టుకతో పరాయివాడైనవాడు సేవతో తనవాడు కాగలడని ఆ కాలం నిరూపించింది.

స్వాతంత్ర్యానంతర కాలం ఈ మాటను మరచింది. 1948లో వచ్చిన పౌరసత్వ చట్టం, తేయాకు తోటలలో తరతరాలుగా చెమటోడ్చిన భారత సంతతి తమిళులలో అత్యధికులను ఏ దేశమూ లేనివారిని చేసింది. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే చట్టం వచ్చింది.

ఆ చట్టం కోరినవారి ఆవేదనను కూడా మనం అర్థం చేసుకోవాలి. ఆంగ్లం నేర్చిన కొద్దిమందికే కొలువులు దక్కిన ఆ దేశంలో పల్లెటూరి సింహళ యువకుని బాధ న్యాయమైనదే. ఆంగ్లం స్థానంలో సింహళ, తమిళ భాషలు రెండింటినీ నిలపాలని 1944లో శాసనసభ తీర్మానించింది కూడా. పన్నెండేళ్లు తిరిగేసరికి ఒక భాష మిగిలి, రెండవది వాకిట నిలబడింది. తన గాయానికి మందు వెదకడం ధర్మమే. ఆ మందును పొరుగువాని గాయం నుంచి పిండుకోవడం ధర్మం కాదు.

ఆ తరువాతి కథ కన్నీటి కథ. 1981లో జాఫ్నా గ్రంథాలయం దగ్ధమైంది. 90 వేలకు పైగా గ్రంథాలు, అపురూపమైన తాళపత్రాలు బూడిదయ్యాయి. 1983 జులైలో మూకలు వీధులలో మనుషులను నిలిపి, మాట యాసను బట్టి తమిళులను గుర్తించి హతమార్చాయి. 1987లో రాజ్యాంగ సవరణ ద్వారా తమిళానికీ అధికార భాషా ప్రతిపత్తి లభించింది. కాని అప్పటికే చేయి దాటిపోయింది. యుద్ధం 2009 వరకు సాగింది.

ఇందులో మరొక చేదు నిజం ఉంది. తమిళుల పక్షాన ఆయుధం పట్టిన ఎల్.టి.టి.ఇ. 1990 అక్టోబరులో ఉత్తర ప్రాంతపు ముస్లిములను దాదాపు 70 వేల మందిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. వారి మాతృభాష కూడా తమిళమే! భాష పేరిట గీసిన గీత మతం పేరిట మరింత లోపలికి జరిగింది. జాత్యహంకారపు స్వభావమే అది. 'మనవారు' అనే వలయాన్ని అది కుదిస్తూ పోతుందేగాని ఎన్నడూ విస్తరింపజేయదు. నిన్న ఆ గీత వల్ల బాధపడినవాడే నేడు మరొకరికి గీత గీస్తాడు.

అయితే భాషాభిమానం, దేశాభిమానం విడిచిపెట్టాలా? అక్కరలేదు. వేరు లేని చెట్టు నిలవదు. జీవితమంతా తెలుగు బోధించిన నాకు మాతృభాష మీది మమకారం తక్కువేమీ కాదు. ఆ మమకారమే పొరుగువానికీ తన భాష మీద ఉంటుందని గ్రహించడమే విద్య వలన కలగవలసిన సంస్కారం.

"మీరెవరు?" అన్న ఒకే ప్రశ్న అరుగుమీద ఆతిథ్యమైంది, 1983లో ఆ వీధులలో ఆయుధమైంది. ప్రశ్నలో దోషం లేదు. జవాబు విన్న తరువాత మనం వేసేది మంచమా, వేటా అన్నదే మన నాగరికతకు గీటురాయి.