వర్తక వ్యాజ్యములు, వకీళ్ల చదువు

2015 సంవత్సరపు వాణిజ్య న్యాయస్థానముల చట్టమును చేతబట్టినవారు 20వ విభాగమునొద్ద ఒక్క నిమిషము ఆగి చూడవలెను. వాణిజ్య న్యాయస్థానములలో నియమింపదగిన న్యాయాధిపతులకు శిక్షణ యొసగుటకై రాష్ట్రప్రభుత్వము హైకోర్టుతో సంప్రదించి తగిన వసతులు కల్పింపవచ్చునని యందు గలదు. మంచిదే. కాని ఆ న్యాయాధిపతి యెదుట నిలిచి, ఆ కొత్త నియమముల ప్రకారమే దావా వ్రాసి, జవాబు వ్రాసి, పత్రములు దాఖలుచేసి వాదింపవలసిన వకీలు మాట యేమి? అతనిని గూర్చి యా విభాగము పలుకదు. అతడు తనంత తానే నేర్చుకొనునని శాసనకర్తలు తలంచిరి కాబోలు. ఎక్కడ నేర్చుకొనును? ఎవరు నేర్పుదురు? ఏ భాషలో నేర్పుదురు? నేర్వనిచో నష్టపడువారెవరు? ఈ ప్రశ్నలను మేము చంద్రగిరిలో గూర్చుండి యడుగుచున్నాము.

ఇది మహాపట్టణములలోని పెద్ద కంపెనీల తగవులకు సంబంధించిన సంగతి యని మన ప్రాంతపు వర్తకులును, పెక్కురు వకీళ్లును అనుకొనుట గలదు. 2015లో ఆ యూహ కొంతవఱకు నిజమే. నాడు ఒక కోటి రూపాయలకు తక్కువగాని వ్యాజ్యములకే ఆ చట్టము వర్తించెడిది. 2018 సంవత్సరపు సవరణము ఆ యేటి మే 3వ తేదీనుండి ఆ మొత్తమును 3 లక్షలకు దించివైచినది. కోటి యెక్కడ, మూడులక్షలెక్కడ! చిత్తూరు సీమలోని బెల్లపు వర్తకుడు, గుజ్జు కర్మాగారమునకు మామిడికాయలు తోలిన మండీదారు, పుత్తూరు, నగరి మరమగ్గముల యజమాని, కుప్పము గ్రానైటు వ్యాపారి, వీరిలో నెవరికైనను రెండు మూడు లారీల సరకు సొమ్ము నిలిచిపోయినచో ఆ హద్దు దాటిపోవును. సరకుల విక్రయపు టొడంబడికలు, భాగస్వామ్యపు టొడంబడికలు, వర్తకులయు బ్యాంకులయు సాధారణ లావాదేవీలు అన్నియు ఆ చట్టపు జాబితాలో నున్నవి. 2025 మామిడి కారులో తోతాపురి కాయలకు కిలో 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 కర్మాగారములును 4 ప్రభుత్వమును ఈయవలెనని యేర్పాటు చేసిన సంగతి పాఠకులు మఱచియుండరు. కాయల బాకీ కోర్టుకెక్కిన నాడు ఏ నియమములు మీదబడునో ముందుగా నెఱిగియుండుట వకీలు విధి.

ఆ నియమములలో నన్నిటికన్న కఠినమైనదానిని కొంచెము వివరముగా జెప్పెదము. సాధారణ సివిలు దావాలో ప్రతివాది జవాబు దాఖలు చేయుటకు 30 దినములు గడువు. కోర్టు పొడిగించినచో 90. ఆ 90 దినములును గడచిన పిమ్మట సైతము, తగిన కారణమున్న అరుదైన సందర్భములలో కోర్టు జవాబును పుచ్చుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2005లో సేలము న్యాయవాదుల సంఘపు వ్యాజ్యమున జెప్పినది. అరుదుగా ననిన మాట ఆచరణలో తఱచుగా నని మాఱినది. వాయిదాపై వాయిదా గొనుట, కొంత ఖర్చు చెల్లించి జవాబు దాఖలు చేయుట మన కోర్టులలో నిత్యకృత్యము. ఇట్టి యలవాటులో పెరిగిన వకీలు వాణిజ్య దావాకు వచ్చెను. ఇచ్చట సమను అందిన 120వ దినముతో తలుపు మూతపడును. ఆపైన జవాబును పుచ్చుకొను అధికారము కోర్టుకే లేదని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చివైచినది. 121వ దినమున వకీలు ఎంత దీనముగా వేడినను, జ్వరమనినను, గుమాస్తా మఱచెననినను ప్రయోజనము లేదు. ప్రతివాది చేతిలో చెల్లించిన రసీదే యుండవచ్చును. దానిని చెప్పుకొను జవాబు మాత్రము కోర్టు దస్త్రములో నుండదు. డిక్రీ యగునది వర్తకుని మీద. వకీలు మఱునాడు మఱియొక దావాకు బోవును.

వాది పక్షపు వకీలునకును ఇట్టి గొయ్యి యొకటి గలదు. 2018 సవరణము 12ఎ అను విభాగమును జేర్చినది. తక్షణమే తాత్కాలికపు టుత్తరువు కోరనక్కరలేని వాణిజ్య దావాలో, దావా వేయుటకు ముందే న్యాయసేవాధికార సంస్థ మూలమున రాజీ ప్రయత్నము జరిగి తీరవలెను. దానికి మూడు మాసములు. ఉభయులు సమ్మతించినచో మఱి రెండు. ఇది నామమాత్రపు నియమమని చాలమంది తలంచిరి. 2022 ఆగస్టు 17వ తేదీన పాటిల్ ఆటోమేషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇది తప్పనిసరి యనియు, దీనిని దాటవేసి వచ్చిన దావాను త్రోసివేయవలసినదే యనియు నిర్ణయించి, ఆ నెల 20వ తేదీ నుండి దీనిని అమలుపఱచినది. అంతట కొందఱు, లేని తొందరను కల్పించి, దావాతోబాటు ఇంజంక్షను పిటిషను ఒకటి తగిలించు ఉపాయము పన్నిరి. 2023 అక్టోబరులో యామినీ మనోహర్ వ్యాజ్యమున ఆ యుపాయమును గూడ పరీక్షింపవలెనని సుప్రీంకోర్టు హెచ్చరించినది. ఇందొక మేలును గలదు. దానిని చెప్పువారు తక్కువ. రాజీకై వెచ్చించిన కాలము లిమిటేషను లెక్కలో చేరదు. కుదిరిన రాజీకి మధ్యవర్తి తీర్పునకున్నంత బలము గలదు. మూడేండ్ల గడువులో చివరి వారమున బాకీ కాగితములు సంచిలో వేసికొని వచ్చు వర్తకునకు ఈ సంగతి చెప్పగల వకీలు ఆతని సొమ్మును కాపాడినవాడగును. చెప్పలేనివాడు కోర్టురుసుము కట్టించి, ఆ దావా త్రోసివేయబడుటను తానే చూచును.

పత్రముల విషయము ఇంకొకటి. తనయొద్దనున్న సంబంధిత పత్రములన్నిటిని, తనకు ప్రతికూలమైనవానిని సైతము, వాది దావాతోనే బయటపెట్టి, మఱేమియు దాచలేదని ప్రమాణము చేయవలెను. సాక్ష్యము నడుచునపుడు చొక్కా జేబులోనుండి రహస్యముగా ఉత్తరము తీసి ప్రతివాదిని దిగ్భ్రాంతుని జేయు పాత విద్య యిచ్చట చెల్లదు. అదియును గాక, నేటి వర్తకుని ఉత్తరములన్నియు వాట్సాపులో నున్నవి. సరకు పంపితిననుట, అందెననుట, మాసాంతమున సొమ్మిచ్చెదననుట అన్నియు ఫోనులోనే. 2024 జూలై 1వ తేదీన 1872 నాటి సాక్ష్యపు చట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. దాని 63వ విభాగము ప్రకారము ఎలక్ట్రానిక్ దస్త్రముతో ఇచ్చు ధ్రువపత్రమునకు రెండు భాగములు. ఒకటి కక్షిదారుడు, రెండవది నిపుణుడు వ్రాయవలెను. అందు హాష్ సంఖ్య యనబడు గుర్తును గూడ చూపవలెను. పాత చట్టపు 65బి ధ్రువపత్రమే తప్పనిసరి యని 2020లో సుప్రీంకోర్టు చెప్పినదాకా అనేకులు దానిని పట్టించుకొనలేదు. ఇప్పుడు దాని రూపమే మాఱినది. పాత నమూనా కాగితమును పేరు మార్చి సంతకము పెట్టించు గుమాస్తాలు ఎందఱున్నారో!

అప్పీలునకు 60 దినములే యనుట, ఓడినవాడు సామాన్యముగా గెలిచినవాని ఖర్చు భరింపవలెననుట, వ్యాపారమునకు వాడబోవుదుమన్న భూమి వాణిజ్య తగవు కాజాలదు, నిజముగా వాడుచున్నదై యుండవలెనని 2019లో వచ్చిన తీర్పు, ఇవి తిరుపతి చుట్టుప్రక్కల స్థలముల వ్యాపారము చూచువారికి నిత్యము పనికివచ్చునవి. వీనిని పేరుపెట్టి తలచుటతో ఇప్పటికి చాలింతుము.

ఈ త్వరయంతయు ఎందుకు పుట్టినదను సంగతిని గూర్చి ఒక మాట. ప్రపంచబ్యాంకు ప్రకటించుచుండిన వ్యాపార సౌలభ్యపు పట్టికలో మన దేశము పైకెక్కవలెనను కోరిక 2018 సవరణమునకు ప్రేరకములలో నొకటి. ఆ పట్టికకై కొలిచినది ఢిల్లీ, బొంబాయి నగరములను. పట్టిక లెక్కలలో దోషములు బయటపడి 2021 సెప్టెంబరులో ఆ బ్యాంకే దానిని నిలిపివైచినది. పట్టిక పోయినది; 120 దినముల గడువు నిలిచినది. అది బొంబాయిలో వందమంది సహాయకులున్న న్యాయవాద సంస్థకును, ఒక గుమాస్తాతో నెట్టుకొనివచ్చు మన యూరి వకీలునకును ఒక్కటే. మేము గడువును నిందించుట లేదు. బాకీపడినవాడు పదియేండ్లు కోర్టులో నీడపట్టున గూర్చుండుట వర్తకమునకు చీడ. దానిని వదలించు చట్టము రావలసినదే. సమానమైన నియమము పెట్టినవారు సమానమైన చదువును గూడ పెట్టవలసియుండెనని మాత్రమే మా వాదము.

నేడున్న స్థితి యేమన, 2011 నుండి జరుగుచున్న అఖిలభారత న్యాయవాద పరీక్ష నొకసారి దాటినచో, ఆపైన ముప్పదియేండ్లలో వకీలు ఏమి చదివెనని యడుగువారు లేరు. ఇతర దేశములలో ఇట్లు లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము 1975లోనే వకీళ్లకు నిర్బంధపు చదువు విధించినది. ఐనను గంటలు లెక్కించు పద్ధతిని మేము గ్రుడ్డిగా కోరము. ఇంగ్లాండులో సొలిసిటర్లకు ఏటికి 16 గంటలని యుండెడిది. హాజరు వేసికొని నిద్రించువారికిని, నేర్చుకొనువారికిని భేదము తెలియకపోవుటచే 2016లో దానిని విడిచి, ఎవరి లోటు వారే గుర్తించి పూరించుకొను పద్ధతిని పెట్టిరి. మన దేశమున గంటల నిబంధన వచ్చినచో హాజరుపట్టిక యెంత చక్కగా నుండునో, చదువు ఎంత చక్కగా నుండునో పాఠకులు ఊహింపగలరు.

కోర్టే వకీలునకు బడి యని పెద్ద వకీళ్లు చెప్పుదురు. ఒకనాడది నిజమే. తప్పులను సవరించుకొన నిచ్చు కోర్టు బడి యగును. తొలి తప్పునకే ద్వారము మూసివేయు కోర్టు బడి యెట్లగును? నేర్చుకొనుటకై ఖర్చగునది ఎవరో వర్తకుని వ్యాజ్యము.

పరదేశములకు బోనక్కరలేదు, మన చెన్నపట్టణమే దారి చూపినది. చిత్తూరు సీమ మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1888లో, మైలాపూరున వకీళ్లు ప్రతి శనివారము సాయంకాలము 5 గంటలకు తమలో నొకరి యింట గూడి, సర్ ఎస్. సుబ్రహ్మణ్యఅయ్యరుగారి యాధ్వర్యమున న్యాయవిషయములను చర్చించెడివారు. శనివారపు సభ యని దానికి పేరు. ఆ చర్చలనుండియే 1891లో మద్రాసు లా జర్నల్ పుట్టినది. దానికై ప్రభుత్వపు ధనసహాయముగాని, విశ్వవిద్యాలయపు పట్టాలుగాని యుండలేదు. ఒక గదియు, కొన్ని పుస్తకములును, చదువవలెనను సిగ్గును ఉండెను.

అట్టి శనివారములు మన బార్ అసోసియేషనులకు అసాధ్యమా? విజయవాడ, విశాఖపట్టణములలో వాణిజ్య వ్యాజ్యములకై ప్రత్యేక న్యాయస్థానము లేర్పడినవి. చంద్రగిరికి విజయవాడయే మూడువందల యేబది కిలోమీటర్లకు పైబడిన దూరము. హైకోర్టు గుంటూరున నుండినను, హైదరాబాదుకు బోయినను, 2019 నుండి అమరావతిలో నున్నను సీమవానికి ప్రయాణము తప్పలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక కాలమునుండి ఈ దూరపు మాట చెప్పుచునే యున్నాము. న్యాయస్థానము దూరమైనప్పుడు విద్యనైనను దగ్గఱకు దెచ్చుకొనవలెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపు అధ్యాపకులున్నారు. వారు బార్ గదికి నెలకొకసారి రావచ్చును. తీర్పులను అప్పగించినట్లు వల్లించుటవలన లాభము లేదు. నిజముగా త్రోసివేయబడిన దావా నొకదానిని, పేర్లు చెఱిపి, బల్లమీద బెట్టి, ఏ పంక్తియొద్ద వ్యాజ్యము చెడినదో పదిమంది కలిసి వెదకవలెను.

ఈ చదువు తెలుగున జరుగవలెను. చట్టము ఇంగ్లీషున నున్నదనియు, పారిభాషిక పదములు లేవనియు సాకు చెప్పుట తగదు. కక్షిదారునకు తెలుగున జెప్పలేని నియమమును వకీలు తనకు తెలిసెననుకొనుట భ్రమ. గుమాస్తాలను వెనుక బల్లమీదనైనను గూర్చుండబెట్టవలెను. గడువుల లెక్క వ్రాయునది వారే గదా! జూనియర్లకు రుసుము పెట్టరాదు; చాలమందికి సీనియరిచ్చునది బస్సు చార్జీలకు చాలదు. నమోదు సమయమున వకీళ్లనుండి సొమ్ము పుచ్చుకొను రాష్ట్ర బార్ కౌన్సిలు, జిల్లాకొక గ్రంథాలయమునకు తీర్పుల సంపుటములను, వానిని వెదకు కంప్యూటరు చందాను ఏర్పఱచుట న్యాయము. ఇది దానముగాదు, తీసికొన్నదానిలో కొంత తిరిగి యిచ్చుట.

మన కోటగోడలకు తెలిసిన కథ యొకటి గలదు. చంద్రగిరి రాయల యేలుబడిలోని నాయకునొద్దనే 1639లో ఇంగ్లీషు వర్తకులు చెన్నపట్టణపు స్థలమునకు పత్రము వ్రాయించుకొనిరి. వర్తకపు పత్రములోని యొక్కొక్క మాటకు బరువెంతయో వారికి తెలిసినంత ఇచ్చినవారికి తెలియలేదు.

మొదటి శనివారమునకు 12ఎ విభాగము, రెండవదానికి జవాబు గడువు, మూడవదానికి పత్రముల ప్రమాణము, నాలుగవదానికి ఎలక్ట్రానిక్ ధ్రువపత్రము తీసికొనవచ్చునని మా సూచన. చర్చలో తేలిన సంగతులను తెలుగున వ్రాసి పంపినచో మా పత్రికలో వారమునకొక నిలువు వరుస వానికై విడుతుము. చంద్రగిరి, తిరుపతి, పుత్తూరు, చిత్తూరు సంఘముల కార్యదర్శులు తేదీయు స్థలమును తెలిపినచో ప్రకటనను ఉచితముగా ముద్రింతుము.