ఫుజి ఎక్కాలంటే మధ్యాహ్నం 2 లోపే గేటు దాటాలి.. జపాన్ ఈ రూల్ ఎందుకు పెట్టింది?

జపాన్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఫుజి. ఎత్తు 3,776 మీటర్లు. ఎవరెస్టులా తాళ్లు, ఆక్సిజన్ సిలిండర్లు అక్కర్లేదు. మంచి బూట్లు, చలికోటు, ఓపిక ఉంటే వేసవిలో నడుచుకుంటూ పైకి చేరొచ్చు. ఒక దేశపు అత్యున్నత శిఖరాన్ని పెద్దగా శిక్షణ లేని మనిషి కూడా అందుకోగల చోట్లు ప్రపంచంలో తక్కువే. ఫుజికి వచ్చిన చిక్కు కూడా అదే.

2024 వరకు ఈ కొండకు తప్పనిసరి టికెట్ లేదు, గేటూ లేదు. ఇప్పుడు రెండూ వచ్చాయి. 2025 సీజన్ నుంచి నాలుగు దారుల్లో ఎటు నుంచి ఎక్కినా మనిషికి 4,000 యెన్లు కట్టాలి. మన డబ్బుల్లో రెండు వేల రూపాయల పైమాటే. మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజామున 3 గంటల వరకు కొత్తవాళ్లను పైకి వదలరు. కొండ మీదుండే హట్‌లలో పడక బుక్ చేసుకున్నవాళ్లకు మాత్రం ఈ టైమ్ వర్తించదు. ఎక్కువ రద్దీ ఉండే యోషిదా దారిలో రోజుకు 4,000 మంది అనే పరిమితి కూడా ఉంది.

వార్తల్లో ఎక్కువగా నలిగింది ఫీజు గురించే. కానీ కాస్త లెక్క వేసి చూస్తే, ఈ రూల్స్‌లో అసలు పని చేసేది గడియారం.

సూర్యోదయం కోసం రాత్రంతా నడక

ఫుజి శిఖరం మీద నుంచి చూసే సూర్యోదయాన్ని జపాన్‌లో ‘గొరైకో’ అంటారు. చాలామంది కొండెక్కేది దానికోసమే. జూలైలో అక్కడ నాలుగున్నర ప్రాంతంలో తెల్లారిపోతుంది. యోషిదా దారిలో బస్సు దిగే ‘ఐదో స్టేషన్’ నుంచి పైకి చేరడానికి ఐదారు గంటలు పడుతుంది. పద్ధతిగా వెళ్లేవాళ్లు మధ్యాహ్నం బయల్దేరి, మధ్యలో హట్‌లో కొన్ని గంటలు పడుకుని, అర్ధరాత్రి దాటాక లేచి మిగతా దారి ఎక్కుతారు.

పడకకు పది వేల యెన్లు, అంతకు మించి అడుగుతారు. ఆ ఖర్చు ఎందుకనుకున్నవాళ్లు సాయంత్రం బస్సు దిగి, ఎక్కడా ఆగకుండా రాత్రంతా ఎక్కేసేవారు. దీనికి జపాన్‌లో ‘బుల్లెట్ క్లైంబింగ్’ అనే అర్థం వచ్చే పేరే పడిపోయింది. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక, 2023 సీజన్‌లో ఇది శ్రుతి మించింది. అలసిపోయి దారి పక్కనే పడుకునేవాళ్లు, చలికి తట్టుకోలేక మంట పెట్టుకునేవాళ్లు, బుకింగ్ లేకుండా హట్‌లలోకి దూరేవాళ్లు ఎక్కువయ్యారు.

ఇది క్రమశిక్షణ సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంత ఎత్తైన కొండ తీసుకున్నా 1,700 మీటర్లకు మించదు. యోషిదా దారిలో బస్సు దిగే చోటే సుమారు 2,300 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఆగకుండా మరో 1,400 మీటర్లు పైకి పోతే, పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. నిద్ర లేదు, శరీరం అలవాటు పడటానికి వ్యవధి లేదు. తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. శిఖరం మీద జూలైలో కూడా సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. గాలి, వాన తోడైతే చెమటతో తడిసిన టీషర్టు ప్రాణాల మీదకు తెస్తుంది.

ఇప్పుడు గేటు టైమ్ చూడండి. ఉదయం 3కి తెరుస్తారు. మూడుకు బయల్దేరినవాళ్లు నాలుగున్నరకు శిఖరం చేరడం అసాధ్యం. పోనీ రెండు లోపే గేటు దాటితే రాత్రి ఏడెనిమిదికే పైకి చేరిపోతారు. తెల్లారేదాకా ఆ చలిలో కూర్చోవాలి. అంటే, హట్‌లో పడక లేకుండా శిఖరం మీద సూర్యోదయం చూడటానికి దారి దాదాపు మూసుకుపోయినట్టే. 2024లో యోషిదా దారిలో మొదటిసారి గేటు పెట్టినప్పుడు ఈ మూసివేత సాయంత్రం 4కి ఉండేది. ఏడాది తిరక్కుండా రెండు గంటలు ముందుకు జరిపారు.

దీనివల్ల నష్టపోయిన వర్గం కూడా ఒకటుంది. కాగితం మీద పర్మిట్ 4,000 యెన్లే అయినా, సూర్యోదయం కావాలంటే హట్ పడక కొనాల్సిందే. తక్కువ ఖర్చుతో తిరిగే విద్యార్థికి ఇది చిన్న మొత్తం కాదు. పడకలూ లెక్కగానే ఉంటాయి, సీజన్‌లో వారాంతాలకు త్వరగా నిండిపోతాయి. తెల్లవారుజామునే ఎక్కడం మొదలుపెట్టి, వెలుతురు ఉండగానే దిగిపోయే వీలు మాత్రం అందరికీ ఉంది. పగలు ఎక్కితే శిఖరం దక్కుతుంది, గొరైకో దక్కదు. ప్రాణాలు పోయేదానికంటే ఇది నయమని యమనాషి ప్రభుత్వం తేల్చుకుంది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం.

మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో చిన్నారి చనిపోయాక, మధ్యాహ్నం 2 తర్వాత పిల్లలతో వచ్చేవాళ్లను మెట్ల దారిలోకి పంపకుండా టీటీడీ ఆంక్షలు పెట్టింది. అప్పుడూ ‘నడిచి వెళ్లే దారికి టైమింగ్ ఏమిటి’ అన్న మాట వినిపించింది. అక్కడ భయం చిరుతది, ఇక్కడ చలిది.

పబ్లిక్ రోడ్డుకు టికెట్ ఎలా పెట్టారు?

గేటు ఇన్నాళ్లూ ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. యోషిదా దారి పేరుకే కొండ బాట. రికార్డుల్లో అది యమనాషి ప్రిఫెక్చర్ రోడ్డు. ప్రిఫెక్చర్ అంటే మన లెక్కలో రాష్ట్రం లాంటిదనుకోవచ్చు. జపాన్ రోడ్ల చట్టం ప్రకారం అలాంటి రోడ్డు మీద నడిచేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయడం కుదరదు. దాంతో యమనాషి ఒక ఉపాయం చేసింది. ఐదో స్టేషన్ దగ్గర దారి మొదలయ్యే భాగాన్ని రోడ్డు లెక్కలోంచి తప్పించి, ప్రిఫెక్చర్ నడిపే సదుపాయంగా మార్చింది. సదుపాయానికి ఫీజు పెట్టొచ్చు, గేటూ పెట్టొచ్చు. 2024 మార్చిలో ఆర్డినెన్స్, జూలై 1 నుంచి 2,000 యెన్ల ఫీజు.

మిగతా మూడు దారులు సుబాషిరి, గోతెంబా, ఫుజినోమియా. ఇవి పక్కనున్న షిజుఓకా ప్రిఫెక్చర్‌లో ఉన్నాయి. అక్కడ భూమిలో చాలా భాగం కేంద్ర ప్రభుత్వ అడవి. యమనాషి ఉపాయం అక్కడ పనికిరాలేదు. 2024లో షిజుఓకా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకుంది, అదీ తప్పనిసరి కాదు. ఒకే కొండకు ఒకవైపు గేటు, మరోవైపు బార్లా తెరిచిన తలుపు. సుబాషిరి దారి ఎనిమిదో స్టేషన్ దగ్గర యోషిదా దారిలోనే కలుస్తుంది కూడా! 2025 మార్చిలో షిజుఓకా తన ఆర్డినెన్స్ తెచ్చాకే రెండు వైపులా ఫీజు, టైమ్ ఒకటయ్యాయి. రోజువారీ సంఖ్యకు పరిమితి మాత్రం ఇప్పటికీ యోషిదాలోనే.

ఇంకో వింత. ఎనిమిదో స్టేషన్ నుంచి పైనున్న భాగంలో చాలావరకు ఏ ప్రభుత్వానిదీ కాదు. అది ఫుజినోమియాలోని సెంగెన్ గుడి ఆస్తి. 1974లో జపాన్ సుప్రీంకోర్టు గుడి పక్షాన తీర్పు ఇచ్చింది. భూమి గుడిది, దారి ప్రిఫెక్చర్‌ది, అడవి కేంద్రానిది. కొండ మీద ఒక నిర్ణయం తీసుకోవడానికి ఏళ్లు పట్టడంలో ఆశ్చర్యం లేదు.

హుండీ నుంచి కౌంటర్‌కు

ఫీజుకు ముందు 2014 నుంచి 1,000 యెన్ల విరాళం పద్ధతి నడిచింది. ఇష్టమైనవాళ్లు వేయొచ్చు, లేకపోతే లేదు. హుండీ లాంటిదన్నమాట. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక, కొండను కాపాడే ఖర్చుకు మొదలుపెట్టారు. ఖర్చు నిజమైనదే. అక్కడ మురుగు కాలువ ఉండదు. ఒకప్పుడు హట్‌ల మరుగుదొడ్ల వ్యర్థాన్ని సీజన్ చివర్లో వాలు మీదకు వదిలేసేవారు. టాయిలెట్ పేపర్ తెల్లటి చారల్లా కొండ మీద కనిపించేది. ఆ తర్వాత వ్యర్థాన్ని అక్కడే శుద్ధి చేసే మరుగుదొడ్లు వచ్చాయి. ఒక్కసారి వాడితే 200, 300 యెన్లు వేయాలి, అందుకే చిల్లర దగ్గరుంచుకోవడం మంచిది.

జనం తగ్గారా? పర్యావరణ శాఖ లెక్క ప్రకారం 2023 వేసవిలో సుమారు 2.21 లక్షల మంది ఎక్కారు, 2024లో సుమారు 2.04 లక్షలు. తగ్గుదల ఉంది కానీ, ఇదంతా ఫీజు వల్లే అని చెప్పలేం. వాతావరణం బాగోకపోయినా సంఖ్య పడిపోతుంది. విమాన టికెట్ కొనుక్కుని జపాన్ వచ్చినవాళ్లు 4,000 యెన్లకు వెనక్కి తగ్గుతారని ఎవరూ అనుకోరు.

ఎత్తైన కొండలకు ధర పెంచడమే మందు అనుకుంటే నేపాల్‌ను చూడొచ్చు. 2025 సెప్టెంబర్ నుంచి ఎవరెస్టు పర్మిట్‌ను 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచారు. పర్మిట్ల సంఖ్యకు పరిమితి పెట్టాలని అక్కడి సుప్రీంకోర్టు 2024లోనే చెప్పింది. ఆ పని ధరతో అయ్యేది కాదు.

హెలికాప్టర్ బిల్లు ఎవరిది?

గేటు పరిష్కరించలేని సమస్య ఒకటి మిగిలే ఉంది. ఫుజి సీజన్ జూలై మొదటి వారాల్లో మొదలై సెప్టెంబర్ 10తో ముగుస్తుంది. మిగతా పది నెలలు దారులు మూసి ఉంటాయి. మూసిన దారిలోకి వెళ్తే రోడ్ల చట్టం కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 3 లక్షల యెన్ల వరకు జరిమానా పడొచ్చు. అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో ఒక విదేశీ విద్యార్థిని ఫుజినోమియా వైపు నుంచి హెలికాప్టర్‌లో దించారు. నాలుగు రోజులకు, పైన వదిలేసిన ఫోన్ కోసం అతనే మళ్లీ ఎక్కాడు. మళ్లీ రక్షించాల్సి వచ్చింది.

రెండుసార్లూ అతని దగ్గర పైసా తీసుకోలేదు. జపాన్‌లో పోలీసులు, ఫైర్ సిబ్బంది చేసే రెస్క్యూ ఉచితం. ఈ ఘటన తర్వాత ఫుజినోమియా మేయర్, మూసిన సీజన్‌లో ఎక్కేవాళ్ల నుంచే ఖర్చు రాబట్టాలని డిమాండ్ చేశారు. దీనికి నమూనా దేశంలోనే ఉంది. సైతామా ప్రిఫెక్చర్ 2018 నుంచి తన కొండల్లో హెలికాప్టర్ రెస్క్యూకు వసూలు చేస్తోంది. మొదట్లో ఐదు నిమిషాలకు 5,000 యెన్లు. మన తెలుగు పర్వతారోహకులు ఎక్కువగా వెళ్లే కిలిమంజారోలో ఇంకో పద్ధతి. ఎక్కేవాళ్లందరి దగ్గరా పార్క్ ఫీజుతో పాటే 20 డాలర్లు రెస్క్యూ ఫీజుగా ముందే తీసుకుంటారు.

బిల్లు వేస్తారని తెలిస్తే ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేయడానికి వెనకాడతారన్నది వ్యతిరేకించేవాళ్ల వాదన. ఫోన్ ఆలస్యమైతే గాయం ముదురుతుంది, వెతకడానికి వెళ్లే సిబ్బందికీ రిస్క్ పెరుగుతుంది. ఈ వాదనలో బలం ఉంది. అందుకే మూసిన సీజన్‌కు బిల్లు, తెరిచిన సీజన్‌కు కిలిమంజారో తరహా ముందస్తు రుసుము అన్నది మధ్యేమార్గంగా కనిపిస్తుంది. 4,000 యెన్లలో కొంత దీనికి కేటాయించడం పెద్ద కష్టం కాకపోవచ్చు.

మీరు వెళ్తుంటే

రూల్స్ ఏడాదికేడాది మారుతున్నాయి కాబట్టి, ఏ దారిలో ఎక్కుతారో తేల్చుకుని ఆ ప్రిఫెక్చర్ అధికారిక సైట్‌లోనే చూసుకోండి. షిజుఓకా వైపు ఎక్కాలంటే ముందుగా యాప్‌లో భద్రతా పాఠాలు చదివి రిజిస్టర్ కావాలి. టికెట్ కంటే ముందు హట్ పడక చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ట్రెక్కింగ్‌ను సాహస క్రీడల కింద మినహాయించే పాలసీలు ఉన్నాయి, ఆ పేరా ఒకసారి చదవండి. టోక్యోలోని షింజుకు నుంచి యోషిదా ఐదో స్టేషన్‌కు బస్సులో సుమారు రెండున్నర గంటలు. ఉదయం తొమ్మిది లోపు బస్సెక్కితే, దిగాక ఓ గంట అక్కడే తిరిగి ఎత్తుకు అలవాటు పడి కూడా, గేటు పడకముందే లోపల ఉంటారు.