ఊరులేని యంగడి

నగరపు పొలిమేర దాటిన పిమ్మట, నిన్నటిదాక పంట పండిన నేలపై, చుట్టును మోటారుబండ్లు నిలుచు మైదానముతో, లోపల చల్లని గాలి, భోజనశాలలు, వినోదశాలలు గల మహాభవనములు లేచుచున్నవి. ఇవియే నాగరికతకు పరాకాష్ఠయని పొగడువారు పెక్కండ్రు కలరు. అంగడి ఊరిలో నుండిన నేమి, వెలుపల నుండిన నేమి, మంచి సరకు దొరకిన చాలదా యని వారి ప్రశ్న. చాలదని నా సమాధానము. అట్టి భవనమునకు ఆద్యుడైనవాని చరిత్రమే ఇందుకు సాక్ష్యము.

విక్టర్ గ్రూయెన్ 1903వ సంవత్సరమున వియన్నా నగరమున జన్మించిన వాస్తుశిల్పి. యూదుడగుటచే, నాజీలు ఆస్ట్రియాను కబళించిన 1938లో స్వదేశము విడిచి అమెరికా చేరెను. అచ్చటి నగరముల చివరలందు ఇండ్లు పెరుగుచుండెనే గాని, పొరుగువారు కలిసికొని మాటలాడుటకు వీథి లేకుండెను. ఆ కొరత తీర్పగోరి ఆయన రచించిన 'సౌత్‌డేల్' అను అంగడిభవనము మినియాపొలిస్ నగరము చెంతనున్న ఎడైనాలో 1956 అక్టోబరున తెరవబడెను. పూర్తిగ కప్పువేసి, మంచుకాలమునను వేసవిలోను ఒకే తీరు వాతావరణముంచిన అట్టి కట్టడములలో అది మొదటిది. అందు 72 దుకాణములు, నడుమ నొక తోట. ఆయన పటమున దాని చుట్టు ఇండ్లు, పాఠశాలలు, వైద్యశాల, ఉద్యానము, సరస్సు కూడ నుండెను. తెరచిన నాటికి కట్టినది మాత్రము అంగడి. దానిచుట్టు బండ్ల మైదానము. ఊరును కోరినవానికి అంగడి దక్కెను!

చలిలో వణకక, వానలో తడియక పిల్లలతో తిరుగు తల్లికి అది సుఖమని నేను కాదనను. కాని ప్రజలు కోరిరి గనుకనే ఇవి వెలసినవను మాట సగము సత్యము. 1954 నాటి అమెరికా పన్నుల చట్టము, క్రొత్త కట్టడముల తరుగుదలను తొలి యేండ్లలోనే హెచ్చుగ లెక్కించి పన్ను తగ్గించుకొనుటకు ధనికులకు వీలు కల్పించెను. 1956 నాటి చట్టము 41,000 మైళ్ల మహామార్గములకు పూనుకొని, వ్యయమున నూటికి తొంబదివంతులు కేంద్రప్రభుత్వముపై నుంచెను. దారి ప్రజలది, లాభము యజమానిది! సొమ్మొకనిది, సోకొకనిది యని మన పెద్దలు ఊరక అనలేదు. పాతవీథిలోని చిన్న వర్తకునికి ఇట్టి సాయమేదీ? ఒకని కాళ్లు కట్టి, మరియొకనికి గుఱ్ఱమునిచ్చి, పందెమున గెలిచినవాడే సమర్థుడనుట న్యాయమా?

మరి, అది వీథివలె కన్పట్టునే గాని వీథి కాదు. వీథి నలుగురిది. పోర్ట్‌లండు నగరమునందలి అట్టి భవనములో వియత్నాము యుద్ధమునకు ప్రతికూలముగ కరపత్రములు పంచువారిని యజమానులు వారింపవచ్చునని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కొనువానికి స్వాగతము, పలుకువానికి ద్వారము! బండిలేని వృద్ధురాలి మాట ఇక చెప్పనేల?

గ్రూయెన్ 1968లో వియన్నాకు మరలిపోయెను. 1976లో ఆ నగరపు దక్షిణపుటంచున, ఫ్యోజెన్‌డోర్ఫునందు 'షాపింగ్ సిటీ స్యూడ్' అను మహావిపణి వెలసెను. ఏ వియన్నా వీథిని ఆయన అమెరికాకు కొనిపోదలచెనో, ఆ వియన్నా గడపకే అమెరికా మైదానము వచ్చి నిలిచినది. 1978లో లండను నగరమున ఆయన ప్రసంగించుచు, ఇట్టి కట్టడములకు తాను తండ్రిని కానని బహిరంగముగ త్రోసిపుచ్చెను. 1980లో మరణించెను.

కన్నవాడే కాదన్న బిడ్డను మనము ఏల ముద్దాడవలెను? మన పట్టణముల అంచులలోను ఇట్టివి మొలచుచున్నవి. వానిని తగులబెట్టుడని నేననను. అనుమతినిచ్చు పురపాలకులను ఈ ప్రశ్నలడుగుడు: అచ్చటికి బస్సు పోవునా? కాలినడకవానికి దారి కలదా? ఏమియు కొననివాడు ఒక గడియ కూర్చుండుటకు అరుగు, త్రాగుటకు నీరు కలవా? బడియు వైద్యశాలయు పటముననే నిలిచిపోవునా, నేలపైకి దిగునా? వీనికి బదులు రానంతవరకు అది ఎంత వెలిగినను అంగడియే, ఊరు కాదు. ఇంటి సరకులలో కొన్నింటినైనను మన వీథి దుకాణమున నడచిపోయి కొనుట నేటినుండియే మన చేతిలోనున్న పని.