కెమెరా మన చేతికొచ్చింది, మరి చూపు?



ఈ మధ్య మన పిల్లల్లో షార్ట్ ఫిలిం తీద్దామనే మాట బాగా వినబడుతోంది. మంచిదే. మేము ఐదుగురం హాస్టల్ పిల్లలం. శాలిబండలో నాలుగు ఆదివారాలు తిరిగి పన్నెండు నిమిషాల సినిమా తీసినం. ఆ అనుభవంతో రెండు మాటలు చెప్తున్నం.

మొదటిది, మన కథ వేరేవాళ్లు తీసేదాకా ఎదురుచూడొద్దు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమరం భీమ్ మీద అల్లాణి శ్రీధర్ గారు తీసిన సినిమా 1990లోనే తయారైంది. థియేటర్లకు వచ్చింది మాత్రం 2010లో. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ను దునియా అంతా చూసింది, అందులో భీమ్ మాట్లాడింది తెలుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా ఆ భాష ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు, తెర మీద వినబడేదీ తక్కువే. హైమండార్ఫ్ 1940లలోనే మన గూడేలను కెమెరాలో పట్టిండు. ఆయన మీద మనకు గౌరవముంది, మార్లవాయిలో ఇప్పటికీ తలుచుకుంటరు. కానీ ఎనభై ఏండ్ల తర్వాత కూడా కెమెరా వెనకాల మనం లేకపోతే ఎట్ల?

రెండోది అసలు మాట. కెమెరా చేతికొస్తే సరిపోదు, చూపు కూడా మారాలె.

మా కథలో ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పిలగాడు సాయంత్రాలు ఇరానీ హోటల్లో పని చేస్తూ చదువుకుంటడు. అమ్మతో ఫోన్‌లో గోండి, సేటుతో దక్కనీ, కాలేజీలో తెలుగు. కథ రాసేటప్పుడు మాలో ఒకడు, “పాతబస్తీ కదా, గల్లీలో ఒక కత్తి ఫైట్ పెడదాం” అన్నడు. ఇంకొకడు వెంటనే అడిగిండు: “మన తలకు ఈకలు కట్టి మంట చుట్టూ ఎగిరించినోళ్లకు, మనకు తేడా ఏంది?” ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకుండె. ఫైట్ తీసేసినం.

శాలిబండలో మేము బయటోళ్లమే. నాగోబా జాతరలో, దండారిలో మన తల్లుల ఫోటోలు ఎవరో అడగకుండా తీసుకుపోతే మనకు ఎట్లుంటది? అందుకే మొదటి ఆదివారం కెమెరా తీయలేదు, చాయ్ తాగి మాట్లాడి వచ్చినం. హోటల్ చాచా రెండే షరతులు పెట్టిండు: గిరాకీ పెరగకముందే, పొద్దుగాల రావాలె, దారిన పోయే ఆడవాళ్లను తీయొద్దు. ఇవి అడ్డంకులు కావు, మర్యాదలు. పొద్దుటి వెలుతురు కూడా మాకే లాభమైంది. చార్మినార్ పురావస్తు శాఖ కింద ఉంది, అక్కడ షూటింగ్‌కు అనుమతి కావాలె. మాకు శాలిబండ క్లాక్ టవర్ దారి చాలనిపించింది.

ఐదుగురు చాలు. ఒకరు డైరెక్షన్, ఒకరు ఫోన్ కెమెరా, ఒకరు సౌండ్, ఒకరు నటన, ఒకరు జనంతో మాట్లాడుడు. ఈ ఐదో మనిషిని తక్కువ చేయకండి, సినిమా ఆగకుండా నడిపించేది ఆయనే. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ట్యూబ్‌లైట్ కింద షట్టర్ యాభైలో ఒక వంతు సెకను ఉంచితే బొమ్మ మిణకదు. సీన్ అయినంక అందరూ గమ్మున నిలబడి అర నిమిషం చుట్టూ ఉన్న సప్పుడు రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనబడకుండా పనికొస్తది. బొమ్మ కొంచెం మసకైనా చూస్తరు, మాట వినబడకపోతే లేచిపోతరు.

“పత్తి అమ్మి పంపుతుంటే సినిమా పిచ్చేంది?” అని కొందరు పెద్దలు అంటున్నరు. వాళ్ల భయం నిజమే. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఫెయిలైతే ఎనక నిలబడేటోళ్లు లేరు. అందుకే ఆదివారాలే తీయాలె, పరీక్షల నెలలో ముట్టొద్దు. కానీ చదువు అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. మన గురించి ఇంకొకరు చెప్పేది తప్పైతే, తప్పని చూపించే తెలివి కూడా చదువే.

ఒక్కటే కోరుతున్నం. సినిమా పూర్తయినంక పోటీలకు పంపేముందు, అందులో ఉన్నవాళ్లకు చూపించండి. మేము మొదట హోటల్లో చాచాకు, తర్వాత గూడెంలో అమ్మలకు చూపిస్తం. “ఇది మేం కాదు” అని వాళ్లంటే ఆ సీన్ కత్తిరిస్తం.

జై సేవా.