గాజుతొట్టిలో తెల్లనీరు
మండవల్లి ప్రాంతమున చేపల చెఱువులకు కొదువలేదు. పిల్లల ముచ్చటకై యింటను గాజుతొట్టిలో బంగారుచేపలను పెంచు సోదరీమణులును గలరు. క్రొత్తతొట్టి నింపిన మూఁడునాళ్లకు నీరు పాలవలె తెల్లబడినచో, త్రాగునీటికివలె పటికయో చిల్లగింజయో వేయఁ దోఁచును. అవి మట్టిని దించునవి. ఈ తెలుపు మట్టి కాదు, సూక్ష్మజీవుల గుంపు. పైఁగా పటిక యెక్కువైన నీటికి పులుపు గలిగి చేపలకు హాని.

తెలుపును జూచి భయపడ నక్కఱలేదు. చేపలను చంపునది వాని మలమునుండియు, మిగిలిన మేఁతనుండియు పుట్టు అమ్మోనియా. అది కంటికిఁ గనఁబడదు. దానిని హరించు మేలిజీవులు ఇసుకలో నెలకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. నీరంతయుఁ బాఱఁబోసి యిసుకను తోమినచో అవియుఁ బోవును!

దినమున కొకమాఱు, రెండు నిముసములలోఁ దినునంతయే మేఁత వేయుఁడు. రెండుదినముల కొకసారి నాలుగవవంతు నీరు తీసి, ముందునాఁడు వెడల్పు పాత్రలో నిలువయుంచిన నీరు పోయుఁడు. కుళాయినీటి క్లోరిను అట్లు విడిపోవును. చేపలు పైకివచ్చి నోరు తెఱచుచున్నచో సగము నీరు వెంటనే మార్పవలెను.