అక్షరముల తాళపుచెవి ఎవరి చేతిలో?

"యాపిల్ సంస్థ అడోబి సంస్థను కొనునా?" అను ప్రశ్న వ్యాపార వర్గములలో కొన్నేండ్లకొకసారి తలయెత్తి, కొన్నాళ్ళు సందడిచేసి, మరల అణగిపోవుచుండును. కంప్యూటర్లు చేయు సంస్థ, వాటిపై బొమ్మలు గీయుటకును పుటలు కూర్చుటకును వలయు సాధనములు చేయు సంస్థను కైవసము చేసికొనినచో ఏమగునను ఊహాగానమిది. ఎక్కడో కాలిఫోర్నియాలోని రెండు మహాసంస్థల బేరముతో బరంపురములోని మనకేమి నిమిత్తమని పాఠకులు నవ్వవచ్చును. నిమిత్తము కలదనియే మా అభిప్రాయము. మీ చేతనున్న ఈ పత్రికలోని ప్రతి అక్షరమును అట్టి సాధనములలో కూర్పబడినదే. మన ఇండ్ల శుభలేఖలు, సంఘపు కరపత్రములు, ఉగాది సభల ఆహ్వానములు, అంగళ్ళపై బోర్డులు, అన్నియు ఆ త్రోవనే వచ్చుచున్నవి. ఆ సాధనము చేతులు మారిననాడు మన అక్షరముల భవితవ్యమును కొంతవరకు చేతులు మారును.

ముందుగా మా అనుభవమొకటి మనవిచేయుదుము. ఇటీవల పాత సంచికలలోని వ్యాసములు కొన్నిటిని ఏరి ఒక సంపుటముగా వేయదలచితిమి. ఇరువదియేండ్లనాటి ఫైళ్ళు భద్రముగనే యున్నవి. కొత్త కంప్యూటరులో వాటిని తెరచినంతనే తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు, ఆశ్చర్యార్థకములు కలగలసి కనబడినవి. నాడు కూర్చిన ముద్రణాలయము మూతబడి చాలకాలమైనది. అప్పటి ఫాంట్లు ఎవరియొద్దనున్నవో చెప్పగలవారు లేరు. తుదకు అచ్చుపడిన కాగితపు ప్రతులను ముందుంచుకొని, మొదటి వాక్యమునుండి మరల కూర్పింపవలసి వచ్చినది. కాగితము మిగిలినది గాని, కంప్యూటరులో దాచితిమనుకొన్నది మిగులలేదు.

ఇట్లేల జరిగినది? దీని మూలము నేటి ఊహాగానమునకు మూలమైనచోటనే యున్నది. 1985లో ఆల్డస్ అను సంస్థ పేజ్‌మేకర్ అను పుటల కూర్పు సాధనమును యాపిల్ వారి మెకింటాష్ కొరకు వెలువరించినది. ఆ సంవత్సరమే యాపిల్ లేజరు ప్రింటరు వచ్చినది. ఆ ప్రింటరునకు అక్షరములు గీయు నేర్పునిచ్చినది అడోబి వారి పోస్ట్‌స్క్రిప్ట్. ఈ మూడింటి కలయికనుండియే మనము డి.టి.పి. యని పిలుచు వృత్తి పుట్టినది. ఆ దినములలో యాపిల్ అడోబిలో వాటాదారుగ కూడ నుండి, 1989లో ఆ వాటాను అమ్మివేసినది. కనుక ఈ రెండింటి పొత్తు కొత్త మాట కాదు.

ఆ వృత్తి తెలుగునాటికి వచ్చునప్పటికి కంప్యూటరునకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరములకై ఏర్పరచిన గళ్ళలోనే తెలుగు తలకట్టులను, గుణింతపు గుర్తులను, వత్తులను ముక్కలు ముక్కలుగ అమర్చి ఫాంట్లు చేసిరి. హైదరాబాదు 'అను', పూనా 'శ్రీలిపి' మొదలగునవి ఈ తోవన వచ్చినవే. సీసపు అక్షరములు ఏరి ఏరి వ్రేళ్ళు నల్లబడిన కంపోజిటర్లకు అవి వరములైనవి. వారి ఋణము మనము మరువరాదు. కాని ఒకరి అమరిక మరియొకరికి పొసగదు. ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. అది లేనినాడు అర్థము లేని గీతలు. మా పాత ఫైళ్ళకు పట్టిన గతి ఇదియే.

ఈ ఫాంట్లన్నియు చాలవరకు పేజ్‌మేకరునే ఆశ్రయించుకొని బ్రదికినవి. ఆల్డస్‌ను అడోబి 1994లో కలుపుకొనినది. 1999లో ఇన్‌డిజైన్ అను కొత్త సాధనమును తెచ్చినది. 2001లో వచ్చిన 7.0తో పేజ్‌మేకరు వంశము నిలిచిపోయినది. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులను నేరుగ కూర్చు సదుపాయము 2012లో, సి.ఎస్. 6తో గాని సమకూడలేదు. ఆ నడుమ పదునొకండు సంవత్సరములు తెలుగు ముద్రణాలయములు ఆగిపోయిన సాధనమునే పట్టుకొని ప్రాకులాడినవి. ఎవరును మనపై కక్షగట్టి చేసిన పని కాదిది. ఆ బేరము జరిగినపుడు ఆ బల్లకడ తెలుగు మాట ఎవరికిని జ్ఞప్తికి రాలేదు, అంతే.

ఆ బేరములోనే ఇంకొక ముచ్చట కలదు. ఆల్డస్ వారు అమ్ముచుండిన ఫ్రీహ్యాండ్ అను బొమ్మల సాధనము, అడోబి వారి ఇల్లస్ట్రేటరునకు పోటీదారు. రెండును ఒకరి చేత చిక్కరాదని అమెరికా ప్రభుత్వము 1994లో పట్టుబట్టి ఫ్రీహ్యాండ్‌ను వేరుచేయించినది. అది మ్యాక్రోమీడియా సంస్థకు చేరినది. 2005లో అడోబి మ్యాక్రోమీడియానే కొనివేసినది. 2007లో ఫ్రీహ్యాండ్ ఇక వృద్ధిచెందదని ప్రకటించినది. గడువు తీరువరకు కాచిన న్యాయము, గడువు తీరిన పిదప కావలేదు.

యాపిల్ చేయు బేరముల తీరు చూతము. 2002 జూలైలో అది ఇమ్యాజిక్ అను జర్మను సంస్థను కొన్నది. ఆ సంస్థ చేయు 'లాజిక్' అను సంగీత సాధనము విండోస్ కంప్యూటర్లపైనను పనిచేయుచుండెడిది. కొన్న దినముననే, సెప్టెంబరు 30తో విండోస్ కూర్పులు నిలిపివేయబడునని తెలిపిరి. దానిపై జీవనము నమ్ముకొన్నవారికి మిగిలినది మూడు నెలల గడువు. 2024 నవంబరులో లిథువేనియా దేశపు పిక్సెల్‌మేటర్ అను చిత్రసాధన సంస్థను యాపిల్ కొనుచున్నట్లు వెల్లడియై, మరుసటి సంవత్సరారంభమున ఆ బేరము ముగిసినది. ఆ సాధనము మొదటినుండియు యాపిల్ యంత్రములకే పరిమితము గనుక మన ముద్రణాలయములకు నష్టము కలుగలేదు. అడోబి విషయము వేరు. బరంపురమున గాని, ఛత్రపురమున గాని, ఆస్కాలో గాని డి.టి.పి. అంగడిలో అడుగిడి చూడుడు. కనబడునవి ప్రధానముగ విండోస్ కంప్యూటర్లే. లాజిక్‌కు పట్టిన గతి ఫోటోషాప్‌నకో ఇన్‌డిజైన్‌నకో పట్టినచో, యాపిల్ యంత్రములు కొనగల నగరపు సంస్థలు నిలుచును గాని, శుభలేఖలపై బ్రదుకు చిన్న అంగడి నిలువదు.

ఇక రెండవ పక్షమును చెప్పకుండుట న్యాయము కాదు. ధనబలము గల యజమాని వచ్చినచో మేలు కలుగదా యని ప్రశ్నింపవచ్చును. కలుగవచ్చును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను మన అక్షరపు ఒకానొక కూర్పు సందేశమున వచ్చినంతనే యాపిల్ ఫోనులు, కంప్యూటర్లు కూలబడినవి. తెలుగు పేరైనను వినని దేశములలో సైతము ఆ వారము తెలుగు అక్షరము వార్తలకెక్కినది. యాపిల్ కొలది దినములలోనే, ఫిబ్రవరి 19న, దోషమును సరిదిద్దినది. తలచుకొన్నచో పెద్ద సంస్థ ఎంత శీఘ్రముగ పనిచేయగలదో దీనివలన తెలియుచున్నది. కాని అది కదలినది ఆ దోషము లోకమందలి ఫోనులన్నిటిని బాధించుట వలన. మన వత్తు ఒకటి వంకరగ పడినదని, మన పాత ఫైలు ఒకటి తెరచుకొనలేదని మాత్రమే అయిన పక్షమున అంత వడి చూపెడివారని నమ్మజాలము.

మనవారే ఆ పీఠములపై నున్నపుడు మనకేమి భయమని కొందరనవచ్చును. 2007లో అడోబి పగ్గములు చేపట్టిన శంతను నారాయణ్‌గారు, 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గములు చేపట్టిన సత్య నాదెళ్ళగారు, ఇరువురును హైదరాబాదున పుట్టినవారే. ఆ వార్తలు విని ఛాతీ పొంగినవారిలో మేమును ఒకరము. అయినను సంస్థాధిపతి వాటాదారులకు జవాబుదారి గాని స్వగ్రామమునకు కాదు. గర్వము వేరు, రక్షణ వేరు.

ఇంతకును ఈ బేరము జరుగునా? జరుగదనియే మా ఊహ. యాపిల్ తన చరిత్రలో చేసిన మిక్కిలి పెద్ద కొనుగోలు 2014లో బీట్స్ సంస్థది, 300 కోట్ల డాలర్లు. అడోబి విలువ దానికి ఎన్నో రెట్లు. అదిగాక ప్రభుత్వముల చూపును మారినది. 2022 సెప్టెంబరులో 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మా అను రూపకల్పన సంస్థను కొందునని అడోబియే ప్రకటించినది. బ్రిటను, ఐరోపా సమాఖ్య అధికారులు అభ్యంతరపెట్టగా 2023 డిసెంబరులో ఆ ప్రయత్నమును విరమించి, 100 కోట్ల డాలర్లు ఫిగ్మాకు చెల్లించుకొన్నది. మన దేశమునను 2024 సెప్టెంబరునుండి 2,000 కోట్ల రూపాయలు మించిన బేరములు, ఇచట తగినంత వ్యాపారమున్నచో, కాంపిటీషన్ కమిషను అనుమతి పొందవలెను. కాని ఈ అధికారులందరు విచారించునది వెల, పోటీ. గంజాములోని తెలుగు శుభలేఖ ఏమగునని వారడుగరు. కొనుగోలే అక్కరలేదు, ఉన్న యజమాని విధానము మార్చుకొన్నను చాలును. 2013లో అడోబి తన కొత్త కూర్పులను శాశ్వతముగ అమ్ముట మాని చందాకు మాత్రమే ఇచ్చునట్లు ప్రకటింపలేదా? నెలనెల చెల్లింపలేని చిన్న ముద్రాపకుడు అక్కడనే ఆగిపోయెను.

మన పైనున్న ఏలుబడి మనలనడుగకయే మారుట ఎట్టిదో గంజాము తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న మన జిల్లా మద్రాసు రాజధానినుండి విడివడి కొత్త ఒరిస్సా రాష్ట్రమున చేరినది. ఇచ్ఛాపురమునకు ఈవల గీత పడినది. మన తాతలు ఇల్లు కదలలేదు, వీధి మారలేదు. కచేరి భాష మారినది, బడి భాష మారినది. ఇరుగుపొరుగు ఒడియా సోదరులతో మనకు వైరము లేదు. వారి భాష మన నాలుకలపై నాడుచున్నది. కాని ఆనాడు తెలుగు నిలిచినది ఎవరో దయతలచి కాదు. పుస్తకము ఇంటనుండెను, పలుక చేతనుండెను, పెద్దబాలశిక్ష చెప్పు పెద్దలుండిరి. తరువాత 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో కలుగజేయవలెనని చెప్పినది. కంప్యూటరు సాధనములకు అట్టి అధికరణము లేదు. అచట మన రక్షణను మనమే ఏర్పరచుకొనవలెను.

ఆ రక్షణకు పునాది ఇదివరకే పడియున్నది. యూనికోడ్ అను సర్వసామాన్య ప్రమాణమున తెలుగునకు 1991నుండియే స్థానము కలదు, ఒడియాకును కలదు. ఆ పద్ధతిలో వ్రాసిన 'అ' ఏ సంస్థ సాధనమునందైనను 'అ'యే. ఫాంటు మారిన రూపు మారును గాని అక్షరము మారదు. యజమాని మారినను మారదు. పోతన, వేమన మొదలగు యూనికోడ్ ఫాంట్లు ఉచితముగ దొరకుచున్నవి. పుటల కూర్పునకు స్క్రైబస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్ అను సాధనములు ఎవరి సొత్తును కాక అందరికిని లభించుచున్నవి. 2024 జనవరిలో వెలువడిన స్క్రైబస్ 1.6 మన లిపుల వంటి చిక్కు లిపులను కూర్చగలదు. అవి వెల పెట్టి కొన్న సాధనములంత సుఖముగ నుండవని ఒప్పుకొందుము. ముద్రాపకులు తమ సాధనములను పారవేయవలెనని మేము కోరుటలేదు. వ్రాత మాత్రము యూనికోడ్‌లో నుండవలెనని కోరుచున్నాము.

కనుక మన సంఘీయులకు మా విన్నపములు ఇవి. శుభలేఖగాని, శ్రాద్ధపత్రికగాని, కరపత్రముగాని అచ్చువేయించునపుడు యూనికోడ్‌లో కూర్పుడని ముద్రాపకుని అడుగుడు. పని ముగిసిన పిదప ఫైలును, పి.డి.ఎఫ్. ప్రతిని అడిగి తెచ్చుకొనుడు. అడుగువారు లేనందుననే పాత పద్ధతి ఇంకను సాగుచున్నది. తెలుగు కూర్చువారు ఊరిలో లేరని ఇచ్ఛాపురమునకు పరుగిడుటయో, ఒడియాలోనో ఇంగ్లీషులోనో వేయించి సరిపెట్టుకొనుటయో మానుడు. మన పిల్లలలో కొందరికి ఈ పని నేర్పిన, అది వారికి జీవనోపాధియు నగును. మీ అటకలపైనున్న పాత సంచికలను చిత్తుకాగితములకు వేయక మాకందజేయుడు. అవి తప్ప వేరు మూలము లేని సంచికలు అనేకము కలవు. సంఘము వాటిని వరుసగ యూనికోడ్‌లోనికి మార్పించు పనిని ఈ సంవత్సరమే చేపట్టవలెను. ఒడియా ముద్రాపకులకును పాత ఫాంట్ల చిక్కు ఇట్టిదే గనుక ఈ పనిలో వారితో చేయి కలుపుట ఉభయులకు మేలు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టిరి. చిన్న భాషకు పెద్దల అంగీకారము వచ్చువరకు వేచియుండలేదు. ఆ జాడ మన నేలమీదనే యున్నది. యాపిల్ అడోబిని కొననిండు, కొనకపోనిండు. వచ్చెడి బేరమేదైనను, మన సంచికను ఇరువదియేండ్ల తరువాత మన మనుమడు తెరచి చదువగలుగవలెను. అందుకు వలసిన పని కాలిఫోర్నియాలో లేదు, బరంపురములోనే యున్నది.